కొత్త కోచ్ కావలెను

ఫుట్‌బాల్ జట్టుకు కొత్త హెడ్ కోచ్‌ను వెతకాల్సిన అవసరం రెండు రకాలుగా వస్తుంది. ఉన్నాయన వరసగా ఓడుతుంటే తప్పించడం ఒకటి, ఉన్నాయనకు పెద్ద చోటు నుంచి పిలుపొచ్చి వెళ్లిపోవడం ఇంకొకటి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ రెండింటినీ ఒకే ఏడాదిలో చూసింది. 2020 జనవరిలో ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బ్రౌన్‌ను తప్పించింది. ఆయన స్థానానికి ఒప్పుకున్న స్పెయిన్ కోచ్ ఆల్బర్ట్ రోకా, కొత్త సీజన్ మొదలవకముందే, రొనాల్డ్ కూమన్ బృందంలో చేరేందుకు ఆగస్టులో బార్సిలోనా వెళ్లిపోయారు. ఆగస్టు 31న మనోలో మార్కెజ్ పేరు ప్రకటించారు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలవడానికి అప్పటికి మూడు నెలలు కూడా లేదు. అంత హడావిడిలో వచ్చిన ఆ కోచే రెండో సీజన్‌లో, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డా మైదానంలో జట్టుకు కప్పు తెచ్చిపెట్టారు.

మరి కోచ్ ఎంపిక అంతా అదృష్టమేనా? కొంత అదృష్టమే. కానీ మంచి కోచ్ దొరికాక ఆయన నిలబడతాడా, వచ్చే ఏడాదికి జట్టు మిగులుతుందా అన్నది మాత్రం ఎంపిక చేసేవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. కోట్లు ఖర్చు పెట్టే క్లబ్ యజమానికైనా, సంజామల మండలంలో పాతిక మంది కుర్రాళ్లను పోగేసి జట్టు కట్టాలనుకునే క్రీడా సంఘానికైనా చేయాల్సిన పనులు ఇవే. సున్నాల్లోనే తేడా.

1. పేరుకు ముందు పని రాసుకోవాలి

కమిటీ మొదటిసారి కూర్చోగానే పేర్లు మొదలవుతాయి. ‘ఫలానాయన ఖాళీగా ఉన్నాడట’, ‘ఆయన మా బావమరిదికి తెలుసు’. తొంభై శాతం తప్పులకు పునాది ఇక్కడే పడుతుంది. పేర్లు ఎత్తకుండా ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయాలి. జట్టులో ఇప్పుడు ఎవరెవరున్నారు? పోయిన సీజన్‌లో మ్యాచ్‌లు ఎక్కడ చేజారాయి? ఏడాది తర్వాత ఏం జరిగితే ‘బాగుంది’ అనుకోవచ్చు?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో లీగ్‌లోకి వచ్చింది. ఊరు మారింది, పేరు మారింది, కోచ్ మాత్రం పుణె నుంచి వచ్చిన బ్రౌనే. ఆ సీజన్‌లో పది జట్లలో ఆఖరి స్థానం దక్కింది. ఉన్నవాడినే కొనసాగించడం కూడా ఒక ఎంపికే, దానికీ కారణం రాసుకోవాలి. ఈ సంగతి చాలా క్లబ్బులకు ఓడాక గానీ గుర్తు రాదు.

మార్కెజ్ వచ్చాక పని స్పష్టమైంది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లకు మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడే అవకాశమిచ్చి వాళ్లను తయారు చేయడం. మొదటి సీజన్‌లో అయిదో స్థానం, తర్వాతి సీజన్‌లో కప్పు. ఇదే మార్కెజ్ 2024లో ఎఫ్‌సీ గోవాతో పాటు భారత జట్టు బాధ్యత కూడా తీసుకున్నారు. అక్కడ ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవుల మీద. మనిషికి ఆట తెలియక కాదు. అదే కాలంలో ఆయన గోవాకు సూపర్ కప్ గెలిచి పెట్టారు. క్లబ్బులో ఆటగాళ్లు రోజూ కళ్ల ముందుంటారు. జాతీయ జట్టులో కొద్ది రోజులు చేతికి దొరికి మళ్లీ ఎవరి దారిన వాళ్లు పోతారు. రెండూ వేరు వేరు కొలువులు, అందులోనూ ఒకే మనిషి ఒకేసారి చేయాల్సి వచ్చింది. కాబట్టి ‘మంచి కోచేనా?’ అనే ప్రశ్న సగమే. ‘ఈ పనికి మంచి కోచేనా?’ అని అడిగితే పూర్తవుతుంది.

సంజామలలో ఒక జట్టు కడుతున్నారనుకుందాం. కుర్రాళ్లు కబడ్డీ, క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు, పరుగుకు లోటు లేదు. మైదానం నల్లరేగడి. వానొస్తే బంతి కదలదు, ఎండాకాలం నెర్రెలిచ్చి ఎటు ఎగురుతుందో తెలియదు. శనగ కోతల రోజుల్లో సగం జట్టు పొలంలో ఉంటుంది. ఈ జట్టుకు వ్యూహాల పండితుడెందుకు? బంతిని కాలి కింద ఆపడం ఓపిగ్గా నేర్పేవాడు, పొద్దున్నే అయిదున్నరకు మైదానంలో ఉండేవాడు, కోతల నెలలో ఏడుగురితో కూడా సాధన నడపగలవాడు కావాలి. అదే కాగితం మీద రాయాలి.

2. జీతం లెక్క ముందే తేల్చుకోవాలి

హైదరాబాద్ కథలో అందరూ కప్పు దాకా చెప్పి ఆపేస్తారు. నేర్చుకోవాల్సింది ఆ తర్వాతే ఉంది. 2022–23లో జట్టు లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ వేసవిలో మార్కెజ్ గోవాకు వెళ్లిపోయారు. క్లబ్ ఐర్లండ్‌కు చెందిన కానర్ నెస్టర్‌ను తెచ్చుకుంది. ఆయనతో పాటు జట్టును నడిపిన తంగ్‌బోయ్ సింగ్టో అప్పటికే క్లబ్బులో ఉన్న మనిషి, ఆటగాళ్లను ఎరిగినవాడు. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేని ఏర్పాటు.

కానీ జీతాలు అందలేదు. బకాయిల కేసుల వల్ల కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. చివరికి బ్రెజిల్‌కు చెందిన జావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. నెస్టర్ కూడా వెళ్లిపోయాక సింగ్టో పిల్లలతోనే బరిలోకి దిగాల్సి వచ్చింది. 2023–24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. అంతకు రెండేళ్ల ముందు కప్పు ఎత్తిన క్లబ్ ఇదే. ఈ పతనానికి కోచ్‌ను తప్పు పట్టేవాడు ఆటను చూడనివాడై ఉండాలి. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ జట్టే లేకుండా పోయింది.

అందుకే కోచ్‌ను పిలిచి మాట్లాడేముందు కోశాధికారిని కూర్చోబెట్టాలి. సీజన్ మొత్తానికి కోచ్ జీతం, సహాయకుల జీతాలు, ఆటగాళ్ల జీతాలు, ప్రయాణాలు, ఫిజియో, మైదానం అద్దె వేరు వేరుగా రాసి, ఎంత చేతిలో ఉంది, ఎంత ‘వస్తుందని ఆశ’ అన్నది విడగొట్టాలి. ఆశ ఉన్న డబ్బుతో కోచ్‌ను పెట్టుకోకూడదు. స్పాన్సర్ మాట ఇచ్చాడంటే మాటే, చెక్కు పడ్డాకే డబ్బు. చిన్న జట్టుకైతే ఇది మరీ ముఖ్యం. నంద్యాల నుంచి వారానికి నాలుగు రోజులు వచ్చే కోచ్‌కు బస్సు చార్జీ కూడా రెండు నెలలు బాకీ పడితే మూడో నెల ఆయనకు జ్వరం వస్తుంది. ఆ జ్వరానికి మందు లేదు.

3. దరఖాస్తులను వడగట్టాలి

2025లో భారత జట్టు కోచ్ పదవికి 170 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో పెప్ గార్డియోలా, జావి హెర్నాండెజ్ పేర్లతో వచ్చినవీ ఉన్నాయి! జావి దరఖాస్తు చేశారన్న వార్త దేశమంతా తిరిగింది, ఆయన జీతం భరించగలమా అన్న చర్చ కూడా నడిచింది. తర్వాత తేలిందేమిటంటే ఆ మెయిళ్లు అసలువి కావు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యే ఆ మాట ప్రకటించాల్సి వచ్చింది. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే సంగతికి ఇంత నవ్వులపాలు కావాలా?

మొదటి వడపోత ఇలా ఉండాలి. మెయిల్ వచ్చిన చిరునామా, ఏజెంటు ఫోన్ నంబరు నిజమైనవేనా అని ముందు చూడాలి. తర్వాత లైసెన్స్. మన దేశంలో డి, సి, బి, ఎ, ఆపైన ప్రో వరకు మెట్లు ఉన్నాయి. ఐఎస్‌ఎల్ స్థాయిలో హెడ్ కోచ్‌కు ప్రో లైసెన్స్ కావాలి. మండల స్థాయి జట్టుకు డి లేదా సి ఉన్నాయన చాలు, అదీ లేకపోతే శిక్షణకు పంపే షరతు మీద తీసుకోవచ్చు. ధ్రువపత్రం జిరాక్సు చూసి సరిపెట్టుకోకుండా సంఘాన్ని అడిగి రూఢి చేసుకోవాలి. ఆ పైన మిగిలిన వాళ్లలోంచి ముగ్గురు. ముగ్గురికి మించితే కమిటీ గ్రూపులు కడుతుంది. భారత జట్టు విషయంలోనూ ఐ.ఎం.విజయన్ అధ్యక్షతన ఉన్న సాంకేతిక కమిటీ ముగ్గురి పేర్లే పైకి పంపింది: స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్టెఫాన్ తార్కోవిచ్, ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న జమీల్‌ను ఖరారు చేశారు.

4. రికార్డును మనుషుల్ని అడిగి చదవాలి

గెలుపు శాతం చూసి కోచ్‌ను కొలిస్తే మార్కెజ్‌ను ఎవరూ తీసుకునేవారు కాదు. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్ పగ్గాలు 2017లో చేతికొస్తే కొద్ది వారాలకే రాజీనామా చేశారు. తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్. పైపైన చూస్తే ఒకచోట కుదురుగా నిలవని మనిషి. లోపలికి వెళ్లి చూస్తే ఎస్పాన్యోల్ రెండో జట్టులాంటి చోట్ల కుర్రాళ్లతో ఏళ్లపాటు పనిచేసిన అనుభవం కనిపిస్తుంది. హైదరాబాద్‌కు కావాల్సింది ఆ అనుభవమే.

ఇక సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తి బడిపంతులు. ఇవాళ దరఖాస్తు పెడితే మొదటి వడపోతలోనే కొట్టుకుపోయేదేమో. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ సాధనకు రాలేక ఇబ్బంది పడుతుంటే సైకిల్ అద్దెకు డబ్బు రహీమే ఇచ్చేవారని చెబుతారు. ఇలాంటివి బయోడేటాలో ఉండవు. మన ఊళ్లలో డ్రిల్లు మాస్టారిని ‘ఆయనకేం తెలుసు’ అని తీసిపారేసే కమిటీలు ఒక్కసారి రహీం ఉద్యోగం ఏమిటో గుర్తు చేసుకోవాలి.

మరి బయోడేటాలో లేనిది ఎలా తెలుస్తుంది? అడగాలి. అభ్యర్థి ఇచ్చిన పేర్లను అడిగితే పొగడ్తలే వస్తాయి. పాత క్లబ్బులో బెంచీ మీద కూర్చున్న ఆటగాడిని, కిట్లు చూసే మనిషిని, ఫిజియోను అడగాలి. ‘ఓడిన రోజు బస్సులో ఆయన ఎలా ఉండేవారు?’ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు పది ధ్రువపత్రాల పెట్టు.

5. కుర్చీలో కన్నా మైదానంలో చూడాలి

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడేవాడిని ఎంచుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. మాట్లాడే పని కామెంటేటర్‌ది. ముగ్గురు అభ్యర్థులకూ జట్టు ఆడిన ఆఖరి మ్యాచ్ వీడియో ముందుగా పంపి, వచ్చాక అడగాల్సినవి కొన్ని:

– ఈ మ్యాచ్‌లో ఎక్కడ దెబ్బతిన్నారు? ఉన్న ఆటగాళ్లతోనే ఎలా సరిదిద్దుతారు?
– మీరు ఓడిన సీజన్ ఒకటి చెప్పండి. అందులో మీ వాటా ఎంత?
– మీ దగ్గర ఎదిగి పై స్థాయికి వెళ్లిన కుర్రాళ్ల పేర్లు చెప్పగలరా?
– రేపు మ్యాచ్, ఇద్దరు ముఖ్యులకు గాయాలు. ఏం చేస్తారు?

ఆఖరి ప్రశ్నకు రహీం ఇచ్చిన జవాబు చరిత్రలో ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక వరసలో ఎగిరి బంతుల్ని తలతో కొట్టడం కష్టం. ఇంకొకరైతే కూర్చోబెట్టేవారు. రహీం ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు జరిపారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో పి.కె.బెనర్జీ ఒక గోల్ కొడితే రెండోది జర్నైల్ కొట్టాడు. భారత్ 2–1తో గెలిచింది. చేతిలో ఉన్నవాళ్లను వేరే చోట నిలబెట్టి చూడగల కన్ను ఇది. ఫతోర్డా ఫైనల్లోనూ హైదరాబాద్ ఒక గోల్ వెనకబడి ఉండగా బెంచీ నుంచి వచ్చిన సాహిల్ తవోరానే ఆఖరి నిమిషాల్లో సమం చేశాడు. ఆపై గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు.

మాటల తర్వాత గంటసేపు సాధన చేయించమనాలి. అప్పుడు చూడాల్సింది ఆయన విజిల్ ఎంత గట్టిగా ఊదుతున్నాడని కాదు. అందరికన్నా బలహీనంగా ఆడే కుర్రాడి దగ్గరికి వెళ్తున్నాడా, తప్పును చేసి చూపిస్తున్నాడా, కేకలతో సరిపెడుతున్నాడా అన్నది చూడాలి. గంట తర్వాత ఆటగాళ్లను విడిగా ‘ఇవాళ కొత్తగా ఏం నేర్చుకున్నారు?’ అని అడగాలి. ఎవరూ ఏమీ చెప్పలేకపోతే ఆ అభ్యర్థి సంగతి తేలిపోయినట్టే.

6. రెండో పేరును వదిలెయ్యకూడదు

రోకా వెళ్లిపోయిన నెలలోనే క్లబ్ మరొకరిని తెచ్చుకోగలిగింది కాబట్టే 2020 సీజన్ నిలబడింది. మొదటి స్థానంలో వచ్చినాయన సంతకం పెట్టేదాకా రెండో ఆయనకు ‘కాదు’ అని చెప్పకూడదు. చెప్పాల్సి వచ్చినప్పుడు మర్యాదగా, ఫోన్ చేసి చెప్పాలి. ఆరు నెలల తర్వాత ఆ ఇంటి గడపే తొక్కాల్సి రావచ్చు.

7. ఒప్పందంలో విడిపోయే రోజు కూడా రాయాలి

పెళ్లిచూపుల్లో విడాకుల మాట ఎత్తినట్టుంటుందని కమిటీలు ఈ భాగాన్ని దాటేస్తాయి. దాటేస్తే ఏమవుతుంది? భారత జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఒప్పందాన్ని సమాఖ్య 2023లో 2026 దాకా పొడిగించింది. 2024 జూన్‌లో, ప్రపంచ కప్ అర్హత పోటీల నుంచి జట్టు నిష్క్రమించగానే, ఆయన్ని తొలగించింది. వివాదం ముదిరి చివరికి 4 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మాంచెస్టర్ యునైటెడ్ 2013లో డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి, మొదటి సీజన్ పూర్తికాకుండానే పంపేసింది. ఆయన్ని సూచించింది వెళ్లిపోతున్న అలెక్స్ ఫెర్గూసనే. దిగిపోయే గొప్పవాడి చేత వారసుణ్ణి ఎంపిక చేయించడం ఎంత ముచ్చటగా కనిపిస్తుందో అంత ప్రమాదం.

రెండేళ్లు, ఫలితాన్ని బట్టి మూడో ఏడాది. కొత్త కోచ్‌కు ఇదే సరైన గడువు. ఏ పరిస్థితుల్లో ఎవరు తప్పుకోవచ్చు, ఎన్ని నెలల జీతం ఇవ్వాలి, సీజన్ మధ్యలో వేరే క్లబ్ పిలిస్తే ఆ క్లబ్ ఎంత చెల్లించాలి అన్నవి అంకెల్లో ఉండాలి. జట్టు ఎంపికలో ఆఖరి మాట ఎవరిదో కూడా అక్కడే రాయాలి. సంజామల జట్టుకు ఇంత పెద్ద దస్తావేజు అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం మీద జీతం, సాధన రోజులు, సెలవులు, ‘జట్టును ఎంచేది కోచే’ అన్న వాక్యం, రెండు సంతకాలు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ప్రతి మ్యాచ్ ముందూ చందా ఇచ్చిన పెద్దమనిషి కొడుకు సంచి భుజాన వేసుకుని వచ్చి నిలబడతాడు.

8. నియమించాక చేతులు కట్టుకోవాలి

ఖాలిద్ జమీల్ వచ్చిన కొద్ది వారాలకే కాఫా నేషన్స్ కప్‌లో భారత్ ఒమన్‌ను ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. ‘మనవాడే మేలు’ అన్నారు. అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌కు దారి మూసుకుపోయింది. వెంటనే మాట తిరగబడింది. మూడు నెలల్లో ఒకే మనిషి గురించి రెండు తీర్పులు. రెండూ తొందరపాటే. ఫెర్గూసన్ 1986లో వచ్చి మొదటి పెద్ద ట్రోఫీ గెలిచేసరికి 1990 అయింది.

అలాగని ఊరికే ఎదురుచూడటం కూడా పని కాదు. ప్రతి ఆరు మ్యాచ్‌లకు ఒకసారి కోచ్‌తో కూర్చుని, మొదటి రోజు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని మాట్లాడాలి. కుర్రాళ్లు మెరుగవుతున్నారా? సాధనకు వచ్చేవాళ్లు పెరిగారా, తగ్గారా? ఓడిన మ్యాచ్‌ల్లో అదే తప్పు మళ్లీ జరుగుతోందా? స్కోరు కన్నా ఈ జవాబులే ముందు నిజం చెబుతాయి. సీజన్ మధ్యలో మార్చాల్సింది రెండే సందర్భాల్లో: ఆటగాళ్లు ఆయన మాట పూర్తిగా వినడం మానేసినప్పుడు, లేదా పిల్లలతో ప్రవర్తన సరిగా లేదని తెలిసినప్పుడు. రెండోదానికి ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మార్చక తప్పదని తేలితే ఆ మాట మొదట కోచ్‌కు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. తర్వాత ఆటగాళ్లకు, ఆ తర్వాతే విలేకరులకు. బాకీ ఉన్న జీతం ఆ రోజే చేతిలో పెట్టి పంపాలి.